బరువు మాత్రం చెబుతారు

ఫోను మోగితే
నాకు బరువు మాత్రం చెబుతారు.
ఎవరు, ఏమైంది, ఎంత వయసు, చెప్పరు.
చెప్పకూడదని రూలు.
జాలిపడ్డ కంటికి మబ్బు పలచగా కనిపిస్తుందని
ఎక్కడో ఎవరో కూలిపోయాకే రాసుకున్న రూలు.

"ముప్పై ఎనిమిది కిలోలు. మందస. హైస్కూలు గ్రౌండు."
అంతే.
గాలి ఎటు, ఫ్యూయల్ ఎంత,
మహేంద్రగిరి నెత్తిన తలపాగా ఉందా లేదా
అవి నేను అడుగుతాను.

మా అయ్య రాజాం గోగునార మార్కెట్లో కాటా పట్టేవాడు.
నార ఎవరిదో, ఏ గుంటలో నానిందో,
ఆ డబ్బు ఏ అప్పులోకి పోతుందో అడిగేవాడు కాదు.
ముల్లు ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి
అంకె అరిచేవాడు.
ఒకసారి ఎవరో తల్లి, బేళ్ళ మధ్యలోంచి వచ్చి
పసిపిల్లని తట్టలో పెట్టింది.
ముల్లు ఎక్కడ ఆగిందో నేను చూశాను.
అయ్య అంతకన్నా ఎక్కువ అరిచాడు.

మందస గ్రౌండు నాకు అలవాటే.
డ్రిల్లు మేస్టారు సున్నంతో గీసిన హెచ్ అక్షరం
సగం కబడ్డీ గీతల్లో కలిసిపోయి ఉంటుంది.
దుమ్ము లేవకుండా పిల్లలు బిందెలతో నీళ్ళు చల్లుతారు.
గాలి చూపించడానికి జెండా కర్రకి ఎవరిదో ఎర్ర తువ్వాలు.
నేను దిగిన ప్రతిసారీ
జీడిపిక్కలు ఆరబోసిన టార్పాలిన్ ఒకటి ఎగిరిపోతుంది,
ఒకావిడ ప్రతిసారీ తిడుతుంది.
రెక్కల మోతలో మాట వినిపించదు, నోరు కనిపిస్తుంది.
నర్సు సలోమి పడీపడీ నవ్వుతుంది.

ఇవాళ టెక్కలి దాటాక
కొండ లేదు.
ఉండాల్సిన చోట తడిసిన దూది.
నాలుగొందల అడుగులకి దిగాను.
తుఫాను తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు
మట్టల్తో సహా లెక్కపెట్టగలిగినంత దగ్గర.
ఇంకొంచెం, అంది చెయ్యి.
సలోమికి అంతా తెలుసు.
తెలిసినావిడ ఏమీ అనకూడదు,
తెలియనివాడు ఆవిడ మొహం చూడకూడదు.
చూడలేదు.
"తిప్పేస్తున్నా" అన్నాను.
అవతల రేడియోలో గొంతు "సరే" అంది,
టీ వద్దంటే అన్నంత మామూలుగా.

మూడింటికి ఎండ కాసింది.
విజయనగరం షెడ్డు రేకులు చిటపటలాడాయి.
ఫోను మోగలేదు.

యూనిఫారం మార్చుకుని వెళ్తూ సలోమి గుమ్మం దగ్గర ఆగింది.
"మేస్టారు ఫోన్ చేశారు సార్.
డోలీవాళ్ళు గొడవేం పెట్టలేదంట.
ఒకాయన పైకి చూసి
'మబ్బు గదేటి, ఆడు మాత్తరం ఏటి సేత్తాడు' అన్నాడంట.
మళ్ళీ భుజాన కెత్తుకున్నారంట. పలాస రోడ్డు మీద జీపు దొరికిందంట."
ఇంకేదో చెప్పబోయి నా వైపు చూసింది.
రూలు గాల్లో ఉన్నంతసేపే.
నేల మీద అడగొచ్చు.
నేను బూట్ల లేసులు విప్పుకుంటూ ఉండిపోయాను.
ఆవిడ స్కూటీ స్టార్టయిన చప్పుడు విన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది
ఆ జీడిపిక్కలావిడలాగ.

రాత్రి షెడ్డులో సామాను తూచే మిషను మీద
ఆయిల్ డబ్బా పెట్టాను.
రెండు హెల్మెట్లు, తాడు చుట్ట, టూల్ బాక్సు,
చివర్లో నా బూట్లు.
ముప్పై ఎనిమిది.
అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి
భుజానికెత్తుకుని, వట్టి కాళ్ళతో
గుమ్మం దాటి హెలికాప్టర్ తోక దాకా నడిచాను.
నలభై అడుగులుంటుందేమో.
రెండుసార్లు భుజం మార్చుకున్నాను.